మెట్ల మలుపులో వదిలేసిన రబ్బరు మొక్కని మళ్లీ నిలబెట్టుకోవడం

మా అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు మెట్ల మలుపు దగ్గర ఒక రబ్బరు మొక్క ఉండేది. సిమెంటు కుండీలో మూడు కాండాలు. ఒకటి సీలింగుకి తగిలి, ఇక దారిలేక పక్కకి వంగి, కిటికీ ఊచల్లోంచి బయటికి తల పెట్టింది. ఇంకోదానికి కొసన మాత్రం ఆరు ఆకులు. మూడోది ఎండిపోయింది. దాన్ని పెంచిన కుటుంబం సంక్రాంతి వెళ్లాక పుణె మారిపోయింది, సామాన్ల లారీలో దీనికి చోటు దొరకలేదు. మూడు నెలలు ఎవరూ నీళ్లు పోయలేదు. వచ్చేపోయేవాళ్లు చాక్లెట్ కాగితాలు, టీ కప్పులు అందులోనే పడేసేవాళ్లు. ఏప్రిల్‌లో ఒక రాత్రి షాపు మూసి పైకెళ్తుంటే, దాన్ని నరికి చెత్తబండిలో వేసేద్దామని వాచ్‌మన్ కత్తి పట్టుకుని నిలబడ్డాడు. "ఉంచు తమ్ముడూ, నేను తీసుకుంటాను" అన్నాను.

నాది కాకినాడలో టైలరింగ్ షాపు. ఇరవై ఏళ్లుగా బాల్కనీలో మొక్కలు పెంచుతున్నాను కానీ ఇంత పెద్దదాన్ని, ఇంత పాడైనదాన్ని ఎప్పుడూ చేపట్టలేదు. మెడలో టేపు ఎలాగూ ఉంటుంది కాబట్టి మొదటి రోజే కొలిచాను. పెద్ద కాండం 112 అంగుళాలు. అందులో కింద 71 అంగుళాల మేర ఒక్క ఆకూ లేదు. రెండు కాండాలకీ కలిపి 29 ఆకులు.

ఇలాంటి మొక్క చేతికి రాగానే అన్నీ ఒక్కరోజులో చేసెయ్యాలనిపిస్తుంది. కుండీ మార్చాలి, ఎరువెయ్యాలి, కొమ్మలు కొట్టాలి, ఎండలో పెట్టాలి. దయచేసి ఆగండి. నీళ్లు లేక నీరసపడ్డ మొక్కకి ఇవన్నీ ఒకేసారి జరిగితే తట్టుకోలేదు. ఒక మార్పు చేసి, దానికి మొక్క అలవాటు పడ్డాకే రెండోది చెయ్యాలి. నాకు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పట్టింది, అందులో సగం రోజులు చూస్తూ కూర్చోవడమే.

తెచ్చుకునే ముందు

ముందు అడగండి. వదిలేసినట్టు కనబడినంత మాత్రాన అది మనది కాదు. నేను పుణెకి ఫోన్ చేశాను. "తీసుకోండి అక్కా, అమ్మ ఎప్పుడూ దాని గురించే అడుగుతుంది" అంది ఆ అమ్మాయి. కుండీ ఉన్నది అందరి మెట్ల దగ్గర కాబట్టి అసోసియేషన్ సెక్రటరీకి కూడా ఒక మాట చెప్పాను.

తర్వాత ప్రాణం ఉందో లేదో చూడండి. కాండం మీద గోటితో చిన్నగా గీకండి. పై తోలు కింద పచ్చగా ఉండి, తెల్లటి పాలు ఊరితే అక్కడిదాకా బతికే ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే అక్కడ చచ్చిపోయినట్టే. పైనుంచి మొదలుపెట్టి కిందికి జానెడేసి దూరంలో గీకుతూ రండి. పైన ఎండి కింద పచ్చగా ఉన్న కాండం తిరిగి చిగురిస్తుంది. నా మూడో కాండం మట్టి దాకా ఎండే ఉంది, దాన్ని ఆ రోజే కోసేశాను. ఎండుది కొయ్యడానికి ముహూర్తం అక్కర్లేదు.

మట్టిని వాసన చూడండి. మట్టివాసన వస్తే మంచిదే. మురుగు వాసన వస్తే లోపల వేర్లు కుళ్లుతున్నాయని అర్థం. అలాంటప్పుడు మాత్రం ఆగకూడదు, వెంటనే కుండీలోంచి తీసి నల్లగా మెత్తబడిన వేర్లు కోసేసి కొత్త మట్టిలో పెట్టాలి. నేను చెప్పే నెమ్మది అంతా ఎండిపోయి అలిసిన మొక్కకి, కుళ్లుతున్నదానికి కాదు.

పై ఫ్లాటు పిన్నిగారు చూసి, "పాలు కారే చెట్టు ఇంట్లో పెట్టుకోకూడదే అమ్మాయ్" అన్నారు. ఈ మాట మన వైపు చాలా ఇళ్లలో వింటాం. ఈ మొక్క వదిలేసిన చోట మిగిలిపోవడానికి అదీ ఒక కారణమే అనుకుంటాను. ఆవిడ మాట కొట్టిపారెయ్యలేదు, మొక్కని గుమ్మం లోపల పెట్టలేదు. తూర్పు బాల్కనీలో పెట్టాను. దానికి కావాల్సిన వెలుతురు కూడా అక్కడే ఉంది. పిల్లలున్న ఇంట్లో ఆ మాటలో నిజం కూడా ఉంది. ఈ పాలు చర్మానికి తగిలితే కొందరికి దురద, కంట్లో పడితే మంట. కడుపులోకి వెళ్తే కుక్కలకీ పిల్లులకీ మంచిది కాదు. రబ్బరు గ్లౌజులు వేసుకుంటే ఒళ్లు దద్దుర్లొచ్చేవాళ్లు దీన్ని కొయ్యకుండా ఇంకొకరికి అప్పజెప్పడమే మంచిది.

దింపడం

మోసే ముందు నీళ్లు పోయకండి, తడి మట్టి బరువు రెట్టింపు అనిపిస్తుంది. ఆకులన్నీ పైకి దగ్గరగా చేర్చి పాత నేత చీరతో వదులుగా చుట్టాను. ప్లాస్టిక్ తాడు వద్దు, కాండంలో దిగబడుతుంది. ఈ మొక్కని కిటికీ ఊచకి ఎప్పుడో నైలాన్ తాడుతో కట్టారు, ఆ తాడు చుట్టూ కాండం ఉబ్బి తాడుని సగం మింగేసింది. దాన్ని బ్లేడుతో ముక్కలుగా కోసి తీయడానికి అరగంట పట్టింది. కుండీ కింద గోతం వేసి ఇద్దరు లాగారు, మెట్ల మీద మాత్రం ముగ్గురు కుండీ అంచు పట్టుకుని ఎత్తారు. కాండం పట్టుకుని ఎవరూ లాగకూడదు. వేర్లు తెగే చోటు అదే.

మొదటి నెల: నీళ్లు, తుడవడం, అంతే

మొదటి రోజు ఒక చెంబుడు నీళ్లు పోశాను. నిమిషంలో కింద రంధ్రంలోంచి కారిపోయాయి. వేలు పెట్టి చూస్తే అంగుళం కింద పొడి. నెలల తరబడి ఎండిన మట్టి ఇలాగే చేస్తుంది. కుంచించుకుపోయి కుండీ గోడకి దూరం జరుగుతుంది, పోసిన నీళ్లు ఆ సందులోంచి జారిపోతాయి. రోజూ నీళ్లు పోస్తున్నా మొక్క ఎండిపోతోందంటే చాలాసార్లు కారణం ఇదే.

చిన్న కుండీ అయితే బకెట్టు నీళ్లలో గంటసేపు ముంచి ఉంచొచ్చు. ఈ సిమెంటు కుండీని ముంచే తొట్టి మన ఇళ్లలో ఎక్కడుంటుంది. పాత గొడుగు చువ్వ ఒకటి తీసుకుని మట్టిలో పది పన్నెండు చోట్ల నెమ్మదిగా గుచ్చాను. గట్టిగా వేరు తగిలితే అక్కడ ఆపి పక్కన గుచ్చాలి. రెండు లీటర్ల సీసాలు రెండింటి మూతలకి సూదితో చిన్న బెజ్జం పెట్టి, తలకిందులుగా మట్టిలో నిలబెట్టాను. చుక్కచుక్కగా రాత్రంతా దిగాయి. వరసగా మూడు రాత్రులు అలా చేశాక మట్టి ఉబ్బి గోడకి అంటుకుంది. ఆ తర్వాతే చెంబుతో పోసిన నీళ్లు నిలిచాయి.

ఏ నీళ్లు పోస్తున్నామన్నది మా ఊళ్లో పెద్ద విషయం. సముద్రం పక్కన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. కుండీ అంచున తెల్లగా పొరకట్టి, ఆకుల అంచులు మాత్రం గోధుమరంగులో కరకరలాడుతుంటే ఉప్పు పట్టిందని అర్థం. పైన అంగుళం మట్టి గీకి పారేశాను. తర్వాత ఒక ఆదివారం కుళాయి నీళ్లు కుండీ నిండా పోసి కిందికి వదలడం, మళ్లీ పోయడం, ఇలా కుండీకి మూడు నాలుగు రెట్ల నీళ్లు దాంట్లోంచి పంపాను. ఇప్పుడు దీనికి వాననీళ్లు, లేదంటే ఏసీ కింద బకెట్టులో పట్టిన నీళ్లే పోస్తాను.

మామూలు రోజుల్లో ఎంత పోయాలని అడుగుతారు. వేలు రెండో గణుపు దాకా పెట్టండి, పొడిగా ఉంటే పోయండి, తడి తగిలితే వద్దు. మే నెలలో నాలుగు రోజులకోసారి పోశాను, ఆగస్టు ముసురులో పన్నెండు రోజులకి కూడా అవసరం రాలేదు. పోసినప్పుడు మాత్రం కింద కారేదాకా పోయాలి. కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు అరగంటలో పారబోయండి. వేర్లకీ మంచిది, దోమలూ గుడ్లు పెట్టవు.

ఇక తుడవడం. ఇది చిన్న పనిలా ఉంటుంది కానీ మొక్కకి పెద్ద మేలు. దుమ్ము పేరుకున్న ఆకుకి వెలుతురు అందదు. షాపులో మిగిలిన కాటన్ లైనింగ్ కట్‌పీసులు తడిపి, ఎడమ అరచెయ్యి ఆకు కింద ఆనించి, కుడిచేత్తో తొడిమ నుంచి కొస వైపు ఒక్కసారే తుడిచాను. ఆనింపు లేకుండా తుడిస్తే ఆకు మధ్యలో విరుగుతుంది. మొదటి ఆకు తుడిచిన గుడ్డ సిమెంటు ముద్దలా తయారైంది. పక్కన ఇల్లు కడుతున్న ఏడాదంతా ఆ దుమ్ము ఈ కిటికీలోంచే వచ్చింది. రెండోసారి తుడిచాక దుమ్ము అడుగు నుంచి ముదురు పచ్చ, దాని మీద ట్యూబులైటు నీడ. నడి ఈనె ఎర్రగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. మెరుపు కోసం కొబ్బరినూనె, పాలు రాయకండి. అవి దుమ్ముని ఇంకా పట్టి ఉంచుతాయి, చీమల్ని పిలుస్తాయి.

తుడుస్తుంటేనే పురుగు కనబడింది. ఆకు తొడిమ మొదట్లో దూదిలా తెల్లటి ముద్దలు, అది పిండినల్లి. కాండం మీద గోధుమరంగు పొక్కుల్లా అంటుకుని గోటితో గీకితే ఊడొచ్చేది పొలుసు పురుగు. చీమలు బారులు కట్టి పైకెక్కుతుంటే ఈ రెండిట్లో ఏదో ఒకటి ఉందని వెతకండి, అవి కార్చే తీపి జిగురు కోసమే చీమలు వస్తాయి. మందులషాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో దూది ముంచి ఒక్కో ముద్దనీ తుడిచేశాను. తర్వాత లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెల సబ్బునీళ్లు కలిపి, ఎండ పోయాక ఆకుల అడుగున కూడా తడిసేలా కొట్టాను. సబ్బు లేకపోతే నూనె నీళ్లలో కలవదు. వారానికోసారి చొప్పున మూడుసార్లు కొట్టాలి, మొదటిసారికి చావని గుడ్లు తర్వాత పిల్లలవుతాయి. పక్క మొక్కలకి ఎక్కకుండా ఆ నెలంతా దీన్ని విడిగా ఉంచాను.

ఆకులు రాలినప్పుడు

తెచ్చిన ఇరవై రోజుల్లో తొమ్మిది ఆకులు రాలాయి. రోజూ పొద్దున బాల్కనీ తలుపు తీయాలంటేనే టెన్షన్. ఇది మీకూ జరుగుతుంది, ముందే తెలిస్తే మంచిది. మర్రి, రావి, మేడి, ఇవన్నీ దీని చుట్టాలే. ఈ కుటుంబంలో చాలా మొక్కలు చోటు మారితే ఆకులు రాలుస్తాయి. అప్పుడు మనం భయపడి మళ్లీ చోటు మారుస్తాం, నీళ్లు పెంచుతాం, అవి ఇంకా రాలుస్తాయి.

ఆకుల్ని కాదు, కొసని చూడండి. రబ్బరు మొక్క కాండం చివర మొగ్గ ఒక ఎర్రటి తొడుగులో ఉంటుంది, సన్నటి పండుమిరపకాయలా. అది గట్టిగా, నిటారుగా ఉంటే మొక్క బాగానే ఉంది. నల్లబడి మెత్తబడితే అప్పుడు ఆలోచించాలి. నా పెద్ద కాండం కొస ఆ ఇరవై రోజులూ అలా ఎర్రగా నిలబడే ఉంది. జూన్ మొదటివారంలో ఒక పొద్దున ఆ తొడుగు ఒక పక్క చీలింది. లోపల లేత ఆకు గొట్టంలా చుట్టుకుని ఉంది, రాగి రంగు. సాయంత్రానికి సగం విప్పుకుంది. మర్నాటికి తొడుగు ఎండి కింద పడింది. విప్పుకున్న ఆకు మొదట్లో అప్పుడే ఇంకో ఎర్ర మొగ్గ.

వెలుతురు దగ్గర నేను ఒక పొరపాటు చేశాను. మెట్ల చీకట్లో ఏళ్లుగా ఉన్న మొక్కని బాల్కనీ లోపలి గోడ దగ్గర పెట్టి, వారానికి అడుగు చొప్పున ముందుకి జరుపుతున్నాను. అదే పద్ధతి. కానీ ఒక ఆదివారం కడగడానికి రెయిలింగ్ దాకా లాగి, షాపు నుంచి ఫోనొస్తే అలాగే వదిలి వెళ్లాను. మే నెల ఎండ. వచ్చేసరికి నాలుగు ఆకుల మీద అరచేతంత గోధుమరంగు మచ్చలు. ఆ మచ్చలు మళ్లీ పచ్చబడవు. పొద్దున తొమ్మిది లోపు ఎండ దీనికి బాగా పనికొస్తుంది, ఆ తర్వాతి ఎండకి నెల పైనే అలవాటు చెయ్యాలి.

పొడుగు తగ్గించడం: గాలి అంటు

కొత్త ఆకు వచ్చిందంటే వేర్లు పనిలో పడ్డాయని అర్థం. మృగశిర కార్తె వెళ్లి వానలు పడ్డాక, గాలిలో తేమ ఉన్నప్పుడు కోత పని పెట్టుకోవాలి. మే ఎండల్లో, డిసెంబరు చలిలో వద్దు.

తొమ్మిది అడుగుల కాండాన్ని నేరుగా నరికినా కింద చిగురిస్తుంది. కానీ పైన పద్నాలుగు మంచి ఆకులున్న తల వృథా అవుతుంది. ఇంత లావు కొమ్మ మట్టిలో గుచ్చితే వేరు పట్టడం కష్టం. చాలామంది ఒక్క ఆకుని నీళ్లలో పెట్టి వేర్లొచ్చాయని సంతోషపడతారు, కణుపు లేని ఆకుకి వేర్లొచ్చినా కొత్త కొమ్మ ఎప్పటికీ రాదు. అందుకే గాలి అంటు. తల చెట్టు మీద ఉండగానే దానికి వేర్లు తెప్పించి, ఆ తర్వాత కొయ్యడం.

దీని కోసం బస్సెక్కి కడియం వెళ్లాను. అక్కడి నర్సరీల్లో అంట్లు కట్టడమే బతుకుగా ఉన్నవాళ్లు ఉన్నారు. ఒక పెద్దాయన నిమిషానికి ఒకటి చొప్పున కడుతున్నాడు. పక్కన కూర్చుని చూశాను. "తోలు తీశాక ఎముక కనబడాలమ్మా. జిగురు మిగిలితే మళ్లీ అతుక్కుపోద్ది, ఏరు రాదు" అన్నాడు. నేను విన్న సలహాల్లో దీనంత ఉపయోగపడినది లేదు.

పని ఇలా. తలలో ఎనిమిది పది ఆకులు వదిలి, వాటి కింద ఆకు రాలిన మచ్చ ఒకటి చూసుకోండి. దానికి కొంచెం దిగువన, స్పిరిట్‌తో తుడిచిన కొత్త బ్లేడుతో కాండం చుట్టూ గాటు పెట్టండి. అంగుళం కింద ఇంకో గాటు. రెండిటినీ కలుపుతూ నిలువుగా ఒకటి. మధ్యలో తోలు గాజులా ఊడొస్తుంది. పాలు ధారగా కారతాయి, తడిగుడ్డ అద్దుతూ ఉండండి, చల్లటి నీళ్లు చిలకరిస్తే తొందరగా ఆగుతాయి. కింద పాత పేపరు పరవండి, మంచి బట్టలు కట్టుకోకండి. ఈ పాల మరక ఆరాక బట్టకి వదలదు, బట్టల మనిషిగా చెప్తున్నాను. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కోండి. పాలు ఆగాక, తోలు తీసిన చోట వేలు రాస్తే జారుడుగా ఉంటుంది. ఆయన చెప్పిన జిగురు అదే. బ్లేడు వెనకవైపుతో గీకి గీకి, పొడిగా, తెల్లగా, గరుకుగా అయ్యేదాకా తీయాలి.

నర్సరీల్లో దొరికే స్ఫాగ్నమ్ నాచు, లేకపోతే కొబ్బరిపొట్టు, అరగంట నానబెట్టి గట్టిగా పిండండి. రెండు గుప్పిళ్లు ఆ గాటు చుట్టూ ఉండలా పెట్టి, పారదర్శకంగా ఉండే పాలిథిన్ చుట్టి, పైనా కిందా గట్టిగా కట్టండి. పైన ముడి దగ్గర వాననీళ్లు దిగకూడదు. ఎండ తగిలితే లోపల ఉడుకుతుంది కాబట్టి మీద ఒక గుడ్డముక్క కట్టి, వారానికోసారి విప్పి చూడండి.

నా మొదటి అంటు పాడైంది. నాచు సరిగా పిండలేదు. పదిహేను రోజులకి పాలిథిన్ లోపల నల్లటి నీళ్లు, వాసన. విప్పి, కడిగి, ఆరనిచ్చి, కొత్త నాచుతో మళ్లీ కట్టాను. పిండితే చుక్క కారకూడదు, చేతికి మాత్రం తడి తగలాలి, అదీ కొలత. రెండోసారి కట్టిన ఆరో వారంలో పాలిథిన్‌కి ఆనుకుని తెల్లటి వేర్లు రెండు కనబడ్డాయి, సేమియా పోగుల్లా. ఇంకో పది రోజులాగాను. వేర్లు రెండు మూడంగుళాలు పెరిగి, కొమ్మలేసి, కొంచెం గోధుమరంగు తిరిగాక ఉండకి కింద చిన్న రంపంతో కోశాను. పాలిథిన్ తీసేశాను కానీ నాచు ఊడదీయలేదు. లేత వేర్లు దాంతోపాటు తెగిపోతాయి. నాచుతో సహా ఎనిమిదంగుళాల కుండీలో నాటి, మూడు వారాలు నీడలో పెట్టాను.

కింద మిగిలిన మోడు

తల పోయాక పెద్ద కాండం ఆకు లేని కర్రలా మిగిలింది. దాన్ని ఇంకా తగ్గించి 40 అంగుళాల దగ్గర, రెండోదాన్ని 30 దగ్గర కోశాను. రెండూ ఒకే ఎత్తున ఉంటే కొమ్మలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. రెండోది మాత్రం మొదటిది చిగురించేదాకా ముట్టుకోలేదు. కుండీలో ఎప్పుడూ కొన్ని ఆకులు ఉండాలి, వేర్లని పోషించేది అవే.

ఎక్కడ కొయ్యాలో తెలియాలంటే ఆకు రాలిన మచ్చలు చూడండి. కాండం మీద గీతల్లా, ఉంగరాల్లా ఉంటాయి. ప్రతి మచ్చ దగ్గరా ఒక మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. మచ్చకి అర అంగుళం పైన కోస్తే దాని కింద రెండు మూడు కొమ్మలొస్తాయి. కత్తెర పదునుగా ఉండాలి, మొద్దుది కాండాన్ని నలిపేస్తుంది.

తర్వాత నీళ్లు సగానికి తగ్గించండి. ఆకులు తక్కువైతే తాగడమూ తక్కువే. ఈ దశలో మోడు మీద జాలిపడి నీళ్లు పోస్తే వేర్లు కుళ్లుతాయి. రోజూ మగ్గుతో నీళ్లు పోసి నేను పోగొట్టుకున్న మొక్క ఒకటి ఉంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. ఇరవై నాలుగో రోజున కోతకి కిందున్న మచ్చ మీద ఆవగింజంత ఎర్రటి చుక్క కనబడింది. వారానికి గోధుమగింజంత అయ్యింది. నెలన్నరకి మూడు కొమ్మలు.

కుండీ మార్చడం

చిగుళ్లు ఆకులయ్యాక, అక్టోబరులో, కార్తీకపు తుపాను వానలకి ముందే కుండీ మార్చాను. వేర్లు సిమెంటుకి ఎంత గట్టిగా పట్టాయంటే సుత్తితో కుండీ పగలగొట్టక తప్పలేదు. లోపల మట్టి కన్నా వేర్లే ఎక్కువ, కుండీ ఆకారంలోనే చాపలా అల్లుకుని ఉన్నాయి. అడుగున చుట్టూ తిరిగిన చాపని అంగుళంన్నర మందాన కోసేశాను. పక్కల నాలుగు నిలువు గాట్లు పెట్టాను. వెదురు పుల్లతో దువ్వి వేర్ల కొసలు బయటికి లాగాను. కాండం మెడ చుట్టూ ఉచ్చులా తిరిగిన లావు వేరు ఒకటి ఉంది, అలాంటిది కనబడితే తప్పకుండా తీసెయ్యండి, అది లావయ్యేకొద్దీ కాండాన్నే బిగిస్తుంది.

కొత్త కుండీ పాతదానికన్నా రెండంగుళాలు మాత్రమే పెద్దది, 16కి బదులు 18. మరీ పెద్దదాంట్లో పెడితే వేర్లు అందుకోలేని మట్టి తడిగానే ఉండిపోతుంది. ప్లాస్టిక్‌ది కొన్నాను, మళ్లీ మోయాలి కదా. రంధ్రాల మీద దోమతెర ముక్క వేస్తే చాలు, అడుగున కంకర పరవక్కర్లేదు. కంకర వల్ల నీళ్లు తొందరగా దిగవు, మట్టికి చోటు తగ్గుతుంది.

మట్టి పాళ్లు: ఎర్రమట్టి రెండు, వర్మీకంపోస్టు ఒకటి, కొబ్బరిపొట్టు ఒకటి, గోదావరి ఇసుక ఒకటి, పైన రెండు గుప్పిళ్ల వేపపిండి. నల్లమట్టి వద్దు, కుండీలో ఎండితే రాయి, తడిస్తే బంక. మాలాంటి ఊళ్లో ఊరికే దొరుకుతుంది కదా అని సముద్రపు ఇసుక తెచ్చి కలపకండి, మనం కడిగి పోగొట్టిన ఉప్పు మళ్లీ వచ్చేస్తుంది. కోనసీమ పీచు మిల్లుల నుంచి వచ్చే పచ్చి కొబ్బరిపొట్టులోనూ ఉప్పు ఉంటుంది, టీ రంగు నీళ్లు వదలడం ఆగేదాకా రెండు మూడుసార్లు కడిగి వాడండి. నాటేటప్పుడు కాండం పాత కుండీలో ఎంత లోతున ఉందో అంతే లోతు.

నెల దాకా ఎరువు వద్దు. తర్వాత వాన, శీతాకాలపు మొదటి రోజుల్లో నెలకోసారి 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) లీటరు నీళ్లకి ఒక గ్రాము చాలు. నేను ఇప్పుడు అదీ మానేసి మార్చిలో, జూలైలో రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు పైన వేస్తున్నాను.

ఈ ఏడాది వానల్లో కాండం మధ్యలోంచి గోధుమరంగు పోగులు దిగాయి. పిన్నిగారు చూసి, ఏదో తెగులు పట్టిందనుకుని నన్ను పిలిచారు. అవి ఊడలు, మర్రికి దిగినట్టే. మేఘాలయలో ఖాసీలు వాగుల మీద కట్టుకునే బతికున్న వంతెనలు ఈ చెట్టు ఊడలతో అల్లినవే. ఈ మొక్క సొంత ఊరు ఈశాన్య భారతం, ఆ తేమ మన గోదావరి గాలిలోనూ కొంత దొరికింది. అందంగా లేదనుకుంటే ఊడలు కోసేయొచ్చు, మొక్కకి నష్టం లేదు. నేను రెండు ఉంచాను. ఒకటి మట్టిని తాకింది.

ఇప్పుడు పెద్ద కాండం కొత్త కొమ్మలతో కలిపి 58 అంగుళాలు, మొత్తం 41 ఆకులు. వారానికోసారి కుండీని పావు వంతు తిప్పుతాను, లేకపోతే వెలుతురు వైపే వాలుతుంది. అంటు కట్టిన తల ఇంకో కుండీలో మూడు కొత్త ఆకులు వేసింది. పుణె నుంచి ఆ అమ్మాయి వాళ్లమ్మ దసరాకి వస్తానన్నారు, రైల్లో పట్టుకెళ్లడానికి. ఈ వారం దాన్ని ఆరంగుళాల తేలిక కుండీలోకి మార్చాలా, ఉన్నదాంట్లోనే పంపాలా అని చూస్తున్నాను. ప్రయాణానికి ముందు వేర్లు కదపడం ఎందుకు, ఉన్నదాంట్లోనే పంపుతాను, ఆకులకి పాత చీర చుట్టి, ముందు రోజు నీళ్లు పోయకుండా.